రాజుగారి పంచదార ఒప్పందం, మా కాలిన తోటలు

మా తోటలు కాల్పించి, ఆ తర్వాత మా చేత సంతకాలు పెట్టించారు.

ముందు సంతకం, తర్వాత నిప్పు అయ్యుంటే నేనివాళ కలం పట్టేవాణ్ణి కాదు. ముందు నిప్పు, తర్వాత కాగితం. అన్యాయం మొత్తం ఆ వరసలోనే ఉంది. పైగా ఆ నిప్పు కబురు ఇంటింటికీ మోసినవాణ్ణి నేను. నాకు తెలియకుండా నా నోటితోనే ఆ పని చేయించారు. ఎందుకు చేయించారో చెప్పమని ఏళ్ళ తరబడి అడిగాను. ఆఫీసుల్లో అడిగాను, పెళ్ళిళ్ళలో అడిగాను, చావు ఇళ్ళలో కూడా అడిగాను. మర్యాద కాదని మా ఇంటావిడ చొక్కా పట్టుకుని లాగేది. మర్యాద సంగతి తోటలు కాల్పించినవాళ్ళు చూసుకోవాలి గానీ నేనెందుకు చూసుకోవాలి?

మీలో చాలామంది ఆంధ్రా నుంచీ తెలంగాణ నుంచీ ఈ దక్షిణాఫ్రికాకి వచ్చి డర్బన్ ఆసుపత్రుల్లో, కంప్యూటర్ ఆఫీసుల్లో పనిచేస్తున్న పిల్లలు. మీ సంఘం పత్రికకు నా ఉద్యోగం రోజుల గురించి ఏదైనా రాయమన్నారు. రాస్తున్నాను. నా తెలుగు అక్షరాలు నడివయసులో నాకు నేను నేర్చుకున్నవి. నా మాట మా నాయనమ్మ దగ్గర నేర్చుకున్నది. ఆ రెండూ ఎక్కడైనా పోట్లాడుకుంటే మీరే సర్దిచెప్పి చదువుకోండి.

ఆదివారాలు కార్లేసుకుని నార్త్ కోస్టు వైపు వెళ్తారు కదా. వెరులం దాటాక సముద్రం వైపు కొండల మీద ఎత్తయిన గోడలు, లోపల తెల్లటి మేడలు, గేటు దగ్గర తుపాకీ పట్టుకున్న కాపలావాడు కనిపిస్తాడు. అక్కడంతా మా చెరుకు ఉండేది. ఆ గోడల్లో ఒక గోడ మా పెద్దప్ప తోట నడుం మీదుగా వెళ్తుంది. అక్కని మా ఇళ్ళలో అప్ప అనే అంటాం.

ఆ కొండల కింద ఒక లోడింగ్ జోనుకు నేను క్లర్కుని. జోను అంటే పెద్ద విషయమేం కాదు. చుట్టుపక్కల చిన్న రైతుల చెరుకు ట్రాక్టర్ల మీద వచ్చి పడే ఖాళీ స్థలం. అక్కడొక క్రేను ఉంటుంది. అది చెరుకు కట్టల్ని ఎత్తి పెద్ద లారీల్లో వేస్తే మిల్లుకి పోతాయి. చెరుకు రైతులది, జోను రైతుల సంఘానిది, మిల్లు తెల్లవాళ్ళ కంపెనీది. మధ్యలో నేను. క్రేను చెడిపోతే నన్ను తిట్టేవారు, వాన పడితే నన్ను తిట్టేవారు, లారీ ఆలస్యమైతే సరేసరి.

ఆ పనిలో మీకు తెలియాల్సింది ఒక్కటే ఉంది. చెరుకు కొట్టే ముందు తోటకి నిప్పు పెడతారు. తెల్లవారుజామున గాలి లేనప్పుడు పెడితే ఎండాకు కాలిపోతుంది, పాములు పారిపోతాయి, గెడ మిగులుతుంది. కొట్టడం సులువు. కానీ కాలిన గెడ ఆగదు. లోపల రసం పులవడం మొదలవుతుంది. రెండు మూడు రోజుల్లో అది మిల్లులో పడాలి. ఆలస్యమైతే మిల్లువాళ్ళు ముక్కు చిట్లించి ధర కోస్తారు, ఇంకా ఆలస్యమైతే గేటులోంచే తిప్పి పంపిస్తారు. పచ్చి చెరుకు వచ్చే నెల దాకా నిలబడుతుంది, కావాలంటే వచ్చే ఏడు దాకా కూడా. శుక్రవారం కాల్చిన చెరుకు సోమవారం దాకా నిలబడితే గొప్ప. అందుకని ఎవరు ఏ రోజు కాల్చాలో మిల్లు వంతులు వేసేది. ఆ వంతులు మా సంఘం సెక్రటరీ ద్వారా నాకు వచ్చేవి. నేను నా పాత బక్కీ వ్యాను వేసుకుని కొండలన్నీ తిరిగి, రేపు నువ్వు కాల్చుకో, ఎల్లుండి నువ్వు కాల్చుకో అని చెప్పొచ్చేవాణ్ణి. ఎప్పుడైనా ఇద్దరికో ముగ్గురికో వంతు వచ్చేది. అంతకుమించి వస్తే కొట్టడానికి మనుషులు ఉండరు, మోయడానికి లారీలు ఉండవు.

సంఘం సెక్రటరీ మా బావ. నాకు స్వయానా మేనమామ కొడుకు. వెరులంలో బడిపంతులు. నాకు నాలుగో క్లాసు, ఆయనకు కాలేజీ. ఎండాకాలంలో కూడా టై కట్టేవాడు. ఆయన ఇంగ్లీషు మాట్లాడితే మిల్లు మేనేజరు కూడా కుర్చీలో సర్దుకుని కూర్చునేవాడు. నాకు ఆయనంటే గౌరవం ఉండేది. ఉండేది అనే రాశాను, గమనించండి.

నా చదువు సంగతి కూడా చెప్పాలి, ఎందుకంటే గొడవంతా అక్కణ్ణుంచే. వెరులం లైబ్రరీవాళ్ళు పాత పుస్తకాలు తీసి పారేస్తున్నప్పుడు ఒక పెద్ద విజ్ఞాన సర్వస్వంలో ఒకే ఒక్క సంపుటం నా చేతికి వచ్చింది. ఇంగ్లీషు హెచ్ అక్షరంతో మొదలయ్యేవన్నీ అందులో ఉన్నాయి. కాబట్టి గుర్రాల గురించి, హంగరీ గురించి, గుండె గురించి, హెర్నియా గురించి నన్ను ఏదైనా అడగండి. జూలూల గురించి అడిగితే మాత్రం మా చెరుకు కొట్టే మనుషుల మేస్త్రీని, వాళ్ళు ఇండూనా అంటారు, అతన్ని పిలవాల్సిందే. జెడ్ దాకా నాకు చేరలేదు. జోనులో లారీ కోసం ఎదురుచూసే గంటలు నాకు ఆ పుస్తకంతోనే గడిచాయి.

అందులో హవాయి ఉంది.

ఇప్పుడు అందరికీ అది సముద్రస్నానాల దేశం. అప్పట్లో పసిఫిక్ మధ్యలో సొంత రాజు ఉన్న చిన్న రాజ్యం. మాకులాగే చెరుకు. మా ముత్తాతలు చెరుకు కూలికి ఈ నాటాల్ వచ్చినట్టే అక్కడికీ చైనా నుంచీ జపాన్ నుంచీ కూలీలు ఓడల్లో వచ్చారు. పండిన పంచదార కొనే పెద్ద అంగడి అమెరికా. కానీ అక్కడి రేవులో సుంకం. రాజు స్వయంగా అమెరికా వెళ్ళొచ్చాడు. ఒప్పందం కుదిరింది. మీ పంచదారకి సుంకం ఉండదు, దానికి బదులు మీ రేవుల్లో గానీ నేలలో గానీ ఏ ముక్కనీ ఇంకో దేశానికి ఇవ్వకూడదు. అంతే. చదివితే ఇంతేనా అనిపిస్తుంది. వేరేవాళ్ళకి ఇవ్వొద్దన్నారు గానీ మాకిమ్మనలేదు కదా.

పంచదార పొంగింది. కొండలూ లోయలూ చెరుకైపోయాయి. రాజ్యం బతుకంతా ఒక్క కొనుగోలుదారు గుప్పిట్లోకి పోయింది. గడువు తీరి మళ్ళీ ఒప్పందం రాసుకునే వేళకి అమెరికా ఒక లోతైన రేవు తనకొక్కదానికే కావాలంది. అదే పెర్ల్ హార్బర్. కాదంటే నిలబడ్డ చెరుకుని ఏం చేసుకుంటావు? రాజు ఇచ్చాడు. తర్వాత కొద్ది ఏళ్ళకే అమెరికా అందరి పంచదారకీ సుంకం తీసేసి, తన సొంత రైతులకి మాత్రం పైన డబ్బు ఇవ్వడం మొదలుపెట్టింది. రాజు రేవు పెట్టి కొనుక్కున్న మేలు కాస్తా ఉత్తదైపోయింది. ఇంకొంచెం కాలానికి, ఆయన చెల్లెలు రాణిగా ఉండగా, సింహాసనమే పోయింది. ఒప్పందానికి రాజు వెనక నిలబడి ఊపు ఇచ్చినవాళ్ళలో ఎక్కువమంది ఆ దీవుల్లోనే పుట్టి పెరిగిన తోటల యజమానులని కూడా ఆ పుస్తకంలో ఉంది. ఆ వాక్యం నేను చదివాను. చదివి ముందుకు వెళ్ళిపోయాను.

ఇక మా కథ. దేశంలో మొదటిసారి అందరూ ఓట్లు వేయడానికి ముందరి సీజను అది. జోహానెస్‌బర్గ్ దగ్గర పెద్దలు బల్లల చుట్టూ కూర్చుని దేశాన్ని ఎలా అప్పగించాలో, ఎలా తీసుకోవాలో మాట్లాడుకుంటున్నారు. ఇక్కడ నాటాల్ కొండల్లో పార్టీల కొట్లాటలు. కొన్నాళ్ళు చెరుకు కొట్టేవాళ్ళు పనికి వచ్చేవారు, కొన్నాళ్ళు ఊళ్ళోంచి బయటికి రాలేకపోయేవారు. రేపు ఎవరి రాజ్యమో, ఎవరి భూమి ఎవరికి పోతుందో ఎవరికీ తెలియదు. అలాంటప్పుడు మిల్లు మేనేజరు ఒక ఒప్పందం తెచ్చాడు.

మంచి ఒప్పందమే అనిపించేలా రాశారు. కొన్ని సీజన్ల పాటు చిన్న రైతులకి మెరుగైన ధర. మీ చెరుకు కచ్చితంగా తీసుకుంటామని హామీ. దానికి బదులు మా చెరుకు ఇంకే మిల్లుకీ పోకూడదు. చివర్లో ఇంకొక్క మాట. ఎవరైనా ఎప్పుడైనా చెరుకు మానేసినా, భూమి అమ్మదలచినా, ముందు మిల్లుకే ఇవ్వాలి, అదీ చెరుకు భూమి ధరకే.

ఆ చివరి మాట చదవగానే నాకు రాజు కనిపించాడు.

జోనులో మొదలుపెట్టాను. ట్రాక్టరు దిగినవాడికల్లా హవాయి కథ చెప్పేవాణ్ణి. మొదట అందరూ నవ్వారు. నాకు హవాయి అనే పేరు పెట్టారు. లావుపాటి రైతొకాయన ఉండేవాడు, ఆయన రోజూ ట్రాక్టరు మీద నుంచే మొదలుపెట్టేవాడు.

"ఏటి హవాయీ, గడ్డి లంగా కట్టుకు రానేదా ఇయాల?"

నవ్వనిచ్చాను. నవ్వేవాడు వింటున్నాడనే లెక్క. వారం గడిచేసరికి అదే లావుపాటాయన ఎవరూ లేనప్పుడు నా దగ్గరికొచ్చి ఆ రేవు సంగతి మళ్ళీ సెప్పు, నెమ్మదిగా సెప్పు అన్నాడు. ఆయన తర్వాత ఇంకొకరు. ఆ చివరి మాట తీసేస్తేనే సంతకం పెడతామని సంఘం మీటింగులో అడుగుదామనే దాకా వచ్చారు. మా చెరుకు పచ్చగా నిలబడి ఉంది, మాకేం తొందర? మిల్లుకి కావాలంటే ఆ మాట కొట్టేసి తెచ్చుకుంటుంది.

అందరికన్నా ముందు నమ్మింది మా పెద్దప్ప. ఆమెని ఒకసారి నేల మీంచి కదిపారు. చిన్నప్పుడు మా కుటుంబం డర్బన్ పక్కన ఏటి ఒడ్డున కూరగాయలు పండించేది. ఇది తెల్లవాళ్ళ పేట అని చట్టం తెచ్చి మమ్మల్ని ఎత్తి, ఇండియన్ల కోసం కట్టిన చాట్స్‌వర్త్ ఇళ్ళలో పడేశారు. అప్ప పెళ్ళయ్యాక మొగుడితో కలిసి ఈ కొండ కొంది. మొగుడు పోయాక ఒక్కతే నడిపింది. చెరుకు కొట్టేవాళ్ళకి తనే వండేది, తనే తిట్టేది. నన్ను ఇక్కణ్ణుంచి కదపాలంటే పాడె మీదే అని ఊరందరికీ చెప్పి పెట్టింది. ఆ కాగితంలో చివరి మాట ఆమెకి చదివి వినిపించాను. గిన్నె కిందపెట్టి బయటికొచ్చి సముద్రం వైపు చూసింది. ఒప్పందం సంగతి మిగతావాళ్ళకి ధర గొడవ. ఆమెకి అది ఆ కొండ.

బావ దగ్గర కూడా వాదించాను. ఆయన పంతులు నవ్వు నవ్వేవాడు. అది రాజ్యం, ఇది మన జోను, ప్రతిదానికీ నీ హెచ్ పుస్తకం తియ్యకు అనేవాడు. కానీ ఒకరోజు మాత్రం ఎంతమంది నీ మాట వింటున్నారు అని అడిగాడు. నేను గొప్పగా చెప్పాను. దాదాపు అందరూ అన్నాను.

మీటింగు శనివారం మధ్యాహ్నం. బుధవారం సాయంత్రం బావ జోనుకి వచ్చి కాల్చే వంతులు చెప్పాడు. శుక్రవారం తెల్లవారుజామున అందరూ కాల్చాలి. ఇద్దరో ముగ్గురో కాదు, జోనులో ఉన్న రైతులందరూ. మిల్లు రిపేరుకి ఆగబోతోందట, ఆగేలోగా చిన్న రైతుల చెరుకు ముందు లాగేస్తారట. చెరుకు కొట్టడానికి తెల్లవాళ్ళ పెద్ద ఎస్టేటుల మనుషుల్ని కూడా పంపిస్తారట.

నాకది వింతగానే అనిపించింది. అడిగాను కూడా. మిల్లు మాట బావా అని అడిగితే మిల్లు మాటే అన్నాడు. ఏళ్ళ తరబడి ఎస్టేటుల చెరుకు ముందు వెళ్ళి, మాది వెనక ఎండుతూ ఉండేది. ఒక్కసారైనా మా వంతు ముందొచ్చిందని సంతోషపడ్డాను. బక్కీ ఎక్కి కొండకొండకీ తిరిగి చెప్పాను.

మా ఇండూనా మాత్రం ఒప్పుకోలేదు. నాకన్నా పెద్దవాడు, సీజనుకో కత్తి అరగదీసిన మనిషి. మేమిద్దరం ఫనకాలోలో మాట్లాడుకునేవాళ్ళం. అది గనుల్లో, తోటల్లో పుట్టిన కలగలుపు భాష. హౌ బాబా, ఇన్ని కొండలు ఒక్క పొద్దున కాలిస్తే చెయ్యి ఎక్కడ పెట్టాలి అన్నాడు. ఎస్టేటు మనుషులు వస్తారట అన్నాను. ఆ మనుషుల్ని నేను ఎరుగుదును, వాళ్ళకి ఎవరూ చెప్పలేదు అన్నాడు. మళ్ళీ బావ దగ్గరికి వెళ్ళాను. వాళ్ళకి మిల్లు చెబుతుందిలే అన్నాడు. ఇక ఎవరిని అడగాలి? సెక్రటరీని రెండుసార్లు అడిగాను, రెండుసార్లూ అబద్ధమే దొరికింది.

శుక్రవారం తెల్లారేసరికి కొండలన్నీ మండాయి. నా జీవితంలో అంత మంట ఎప్పుడూ చూడలేదు. ఒక తోట కాలితే చటచటమని చప్పుడు. అన్ని తోటలు కాలితే వాన హోరులా ఉంది. మధ్యాహ్నానికి వెరులం ఊరంతా నల్లటి బూడిద రేకులు రాలాయి. ఆరేసిన బట్టలు, గుడి గోపురం, బస్టాండులో అరటిపళ్ళు, అన్నిటి మీదా మా చెరుకాకు మసి. ఎస్టేటు మనుషులు రాలేదు. మా ఇండూనా మనుషులు కొట్టగలిగినంత కొట్టారు. మిగతాది నల్లగా నిలబడి ఉంది.

శనివారం మీటింగు బడి హాల్లో. అందరి చొక్కాల్లోనూ పొగ వాసన. మిల్లు మేనేజరు ఖాకీ నిక్కరు, మోకాళ్ళ దాకా మేజోళ్ళు వేసుకుని, ఎంతో మర్యాదగా మాట్లాడాడు. బలవంతం ఏమీ లేదన్నాడు. ఇష్టమైనవాళ్ళే సంతకం పెట్టొచ్చన్నాడు. ఆ తర్వాత, వాతావరణం గురించి చెప్పినట్టు, సోమవారం నుంచి సంతకం పెట్టినవాళ్ళ లారీలకి గేటు తెరుస్తామన్నాడు.

మిగతావాళ్ళకి అని ఎవరో అడిగారు. మిగతావాళ్ళ సంగతి తర్వాత చూద్దామన్నాడు.

నేను లేచాను. రాజు కథ మొత్తం నా నాలుక చివర ఉంది. కానీ దానితో మొదలుపెట్టలేదు. మా తోటలన్నీ ఒకేసారి ఎందుకు కాల్పించారో ముందు చెప్పమన్నాను. మేనేజరు మా బావ వైపు ఒకసారి చూసి, నా వైపు తిరిగి, తోటలు మీవి, అగ్గిపుల్ల మీది అన్నాడు.

అప్పుడు వెనక వరసలోంచి లావుపాటాయన అన్నాడు. తిట్టినట్టు కూడా లేదు, ఉన్నమాట చెప్పినట్టుంది.

"నువ్వే గదా వొచ్చి సెప్పినావు కాల్చమని."

హాలంతా నా వైపు తిరిగింది. వారాల పాటు నా మాట వినడం నేర్చుకున్నవాళ్ళు వాళ్ళు. ఆ పూట ఒక్కరు కూడా నా ముఖం నమ్మడానికి సిద్ధంగా లేరు. నేను హవాయి గురించి మాట్లాడాను. చివరి దాకా మాట్లాడాను, ఎవరూ ఆపలేదు. ఎవరూ వినలేదు కూడా. ఒక్కొక్కరే కిటికీలోంచి కొండ వైపు చూసుకుంటున్నారు. లోపల రసం పులుస్తుంటే మనిషి చరిత్ర వినలేడు.

సంతకాలు మొదలయ్యాయి. మా పెద్దప్ప వరసలో నా పక్కనుంచే వెళ్ళింది. నేను చెయ్యి పట్టుకున్నాను. వద్దప్పా, ఈ ఏటి పంట పోతే పోనీ, కొండ ఉంటుంది అన్నాను. ఆమె చెయ్యి విడిపించుకోలేదు. నెమ్మదిగా చెప్పింది.

"నీ రాజుకి సోమారం నాటికి పులిసిపోయే సరుకు నేదురా తమ్ముడూ. నాకుంది. కొట్టినోళ్ళకి కూలి ఎవులిస్తారు, నీ పుస్తకం ఇస్తదా?"

వెళ్ళి తన పేరు రాసింది. నిదానంగా, చక్కగా రాసింది. ఆ కొండ కొన్నప్పుడు కూడా అంత చక్కగా రాసి ఉండదు.

ఆ తర్వాత జరిగింది నేను చెప్పకపోయినా మీకు అర్థమవుతుంది. మిల్లు రిపేరుకి ఆగలేదు. ఆగుతుందని ఎవరూ అనలేదట కూడా. మాట ప్రకారం ధర బాగానే ఇచ్చారు. రెండు మూడు సీజన్లు లావుపాటాయన నన్ను చూసినప్పుడల్లా చేతిలో పండో మిఠాయో పెట్టి, ఏటి హవాయీ, ఇంకా మునిగిపోనేదు మనం అనేవాడు. నేను తిని ఊరుకునేవాణ్ణి.

ఆ సీజను చివర్లోనే పేపర్లో ఒక చిన్న వార్త చూశాను. వందేళ్ళ కిందట ఆ రాణిని గద్దె దించినందుకు అమెరికా ప్రభుత్వం హవాయి ప్రజలకి క్షమాపణ చెప్పిందట. పేపరు జోనుకి పట్టుకెళ్ళి అందరికీ చూపించాను. రేవు తిరిగిచ్చారా అని ఇండూనా అడిగాడు. లేదన్నాను. అతను కత్తి నూరుకోవడానికి వెళ్ళిపోయాడు. క్షమాపణకి వందేళ్ళు పడితే పట్టనీ, నేను అంతకాలం ఆగేవాణ్ణి కాదని ఆ రోజే అనుకున్నాను.

ఎన్నికలు అయ్యాయి. మేమూ వరసలో నిలబడి ఓట్లు వేశాం. అప్ప కొత్త చీర కట్టుకుని వచ్చింది. దేశం మారింది, నిజంగానే మారింది, కాదనను. కానీ కొన్నేళ్ళకి మిల్లు మూతపడింది. పెద్ద కంపెనీ ఇంకో పెద్ద కంపెనీలో కలిసిపోయింది. చెరుకు తీసుకునే గేటు లేదు, ఇంకో మిల్లుకి పంపే హక్కు లేదు. చెరుకు మానేస్తే ఏం చేయాలో కాగితంలో ఉంది. చెరుకు భూమి ధరకి కొండలు ఆ కంపెనీకే పోయాయి. సముద్రం కనిపించే భూమికి అసలు ధర ఎంతో తర్వాత లేచిన ఆ గోడల మీది అమ్మకం బోర్డులు చూసి తెలుసుకున్నాం.

కొత్త ప్రభుత్వం భూములు పోయినవాళ్ళు అర్జీలు పెట్టుకోమంది. అప్పని తీసుకుని ఆఫీసుకి వెళ్ళాను. బల్ల వెనక కూర్చున్న అమ్మాయి ఎంతో ఓపికగా విన్నది. ఏటి ఒడ్డున పోయిన కూరగాయల మడికి అర్జీ పెట్టుకోవచ్చంది, ఎందుకంటే అది రంగుల చట్టం కింద పోయింది. ఈ కొండకి మాత్రం కుదరదంది. ఇక్కడ మీరే సంతకం పెట్టారు కదమ్మా అంది. అప్ప నవ్వింది. ఆమె నవ్వడం చూసి నాకు ఇంకా మండింది. ఆ తర్వాత నార్త్ కోస్టు దారిలో టాక్సీ వ్యాను ఎక్కినప్పుడల్లా అప్ప ఆ కొండ కనిపించని వైపు సీటే అడిగేది. ఆ వైపు ఎవరైనా కూర్చుని ఉంటే లేపి మరీ మారేది.

నేను మిల్లువాళ్ళని వదల్లేదు. ఆ వంతులు ఎవరు వేశారో చెప్పమని కంపెనీకి రాశాను. పాత మిల్లు విషయాలు మాకు తెలియవన్నారు. మళ్ళీ రాశాను. మళ్ళీ తెలియదన్నారు. నా మనసులో ఒకే బొమ్మ ఉండేది. ఎక్కడో చల్లటి గదిలో తెల్లవాళ్ళు కూర్చుని మా మీద ఈ పన్నాగం పన్నారని.

ఒకరోజు డర్బన్‌లో కళ్ళ ఆసుపత్రి బెంచీ మీద ఆ పాత మేనేజరే నా పక్కన కూర్చుని ఉన్నాడు. ముసలివాడైపోయాడు. కళ్ళలో చుక్కల మందు వేసి ఉండటం వల్ల నన్ను పోల్చుకోలేదు. నేనే చెప్పుకున్నాను. అడగాల్సింది అడిగాను. ఆయన దాచలేదు. దాచడానికి ఇప్పుడు ఆయనకి మిల్లు కూడా లేదు. ఆ వంతులు మేం వేయలేదన్నాడు. మేం ఎప్పుడూ ముగ్గురికి మించి ఇవ్వలేదు, మీ సెక్రటరీ వచ్చి అందరికీ ఒకేరోజు ఇమ్మని అడిగాడు, మాకు లాభమే కాబట్టి ఇచ్చాం అన్నాడు. తర్వాత కళ్ళు తుడుచుకుంటూ, మీ మనిషే కదా, మీకు తెలుసనుకున్నాను అన్నాడు.

బావకి ఏం ముట్టిందో వెతికాను. నేను వెతికితే వదిలిపెట్టే మనిషిని కాదు. ఏమీ ముట్టలేదు. ఆయన సొంత తోట కూడా ఆ శుక్రవారమే కాలింది, అందరి ధరకే పోయింది. ఆయనిప్పుడు అవోకాలో చిన్న ఇంట్లో ఉంటాడు. పెద్దవయసులో భార్యతో కలిసి పెంతెకోస్తు సంఘంలో చేరాడు. ఆదివారాలు అదే పాత టై కట్టుకుని చర్చిలో సాక్ష్యం చెబుతాడు. ఎన్నో పాపాలు ఒప్పుకుంటాడట గానీ ఇది అందులో లేదని మా ఇంటావిడ వాకబు చేసి చెప్పింది.

ఆయన్ని అంతకుముందు పదిసార్లు అడిగి ఉంటాను, మిల్లు మన మీద ఎందుకిలా చేసిందని. ప్రతిసారీ దేవుడు చూసుకుంటాడులే, వదిలెయ్యి అనేవాడు. ఈసారి అవోకా వెళ్ళి వరండాలో ఎదురుగా కూర్చున్నాను. ఆయన నారింజలు ఒలుస్తున్నాడు. సగం కాయ నా చేతిలో పెట్టాడు. నేను ఈసారి మిల్లు మాట ఎత్తలేదు. నువ్వే అడిగి వంతులు వేయించావని నాకు తెలుసు బావా, డబ్బు తీసుకోలేదనీ తెలుసు, ఎందుకు చేశావో అదొక్కటి చెప్పు, అప్ప కూడా అడుగుతోంది అన్నాను. నిజానికి అప్ప అడగమనలేదు. కానీ అడిగే హక్కు ఆమెకే ఎక్కువ ఉంది.

ఆయన మిగిలిన సగం కాయ పళ్ళెంలో పెట్టి, చేతులు తుడుచుకున్నాడు. తర్వాత చెప్పాడు.

"ఆ కాయితం నేకపోతే పై సీజనుకి మన చిన్నోళ్ళకి గేటు మూసేద్దామని మిల్లోళ్ళు అనుకుంటన్నారు. అది నా సెవులారా ఇన్నాను. మీటింగులో నువ్వు లెగిసి ఆ రాజు కతా సెప్తే అందరూ నీ ఎనకాలే నడుస్తారు. నాకొచ్చిన ఇంగ్లీసంతా తెచ్చినా ఆళ్ళని మళ్ళించలేను. అందరూ నిన్ను సూసి నవ్వినారు గానీ, నువ్వు నెగ్గుతావని నాకు తెల్సురా. అందుకే ముందే కాల్పించినాను."